పది ఇళ్ల బేరం – ఎండ కరెంటు

ఎండు మిరపకాయల కాలం వస్తుంది. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవాలి. ఒక్కో ఇంటికి మూడు కిలోలో, నాలుగు కిలోలో కావాలి. విడివిడిగా అంగడికి వెళితే చిల్లర ధర చెబుతారు. అందుకే నలుగురు ఆడవాళ్లు కలుస్తారు. ఒక బస్తా కొంటారు. టోకు ధర పడుతుంది. ఆటో కిరాయి నాలుగు వాటాలవుతుంది. తూకం కూడా నలుగురి కళ్లముందే జరుగుతుంది. మోసానికి తావుండదు.

ఈ పని అందరికీ తెలిసిందే. ఇదే పద్ధతిలో ఇంటికి కరెంటు కూడా తెచ్చుకోవచ్చు. అది ఎండ కరెంటు. దాన్నే సౌర విద్యుత్తు అంటారు. సోలార్ కరెంటు అని కూడా అంటారు.

ఎండ కరెంటు ఎలా వస్తుంది?

డాబా మీద నల్లటి, నీలి రంగు పలకలు బిగిస్తారు. వాటి మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. పొగ ఉండదు. చప్పుడు ఉండదు. పలకల నుంచి వచ్చే కరెంటు నేరుగా ఫ్యానుకు, టీవీకి పనికిరాదు. ఇన్వర్టరు అనే పెట్టె దాన్ని ఇంటి కరెంటుగా మారుస్తుంది.

ఎండ కరెంటును కిలోవాట్లలో చెబుతారు. ఒక కిలోవాట్ పలకలకు డాబా మీద సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. అంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. మంచి ఎండ ఉన్న రోజున ఒక కిలోవాట్ పలకలు సుమారు 4 యూనిట్ల కరెంటు ఇస్తాయి. వానాకాలంలో తగ్గుతుంది. చెట్టు నీడ పడినా తగ్గుతుంది.

పగలు కరెంటు ఎక్కువ పుడుతుంది. ఆ సమయంలో ఇంట్లో వాడకం తక్కువ. మిగిలిన కరెంటు వీధి తీగలోకి వెళుతుంది. రాత్రి మళ్లీ వీధి తీగ నుంచి ఇంట్లోకి వస్తుంది. వెళ్లింది ఎంత, వచ్చింది ఎంత అని ఒక మీటరు లెక్క రాస్తుంది. దాన్ని నెట్ మీటరు అంటారు. మిరపకాయలు అప్పిచ్చి, మళ్లీ తిరిగి తీసుకున్నట్టే ఇది.

పలకలు ఒకసారి పెడితే 25 ఏళ్ల దాకా పనిచేస్తాయి. ఇన్వర్టరు మాత్రం అన్నేళ్లు రాదు. మధ్యలో మార్చాల్సి ఉంటుంది. ఆ ఖర్చు కూడా ముందే గుర్తుంచుకోవాలి.

ఒక తల్లి చేసిన పని

అమెరికా దేశపు రాజధాని వాషింగ్టన్. ఆ నగరంలో మౌంట్ ప్లెజెంట్ అనే పేట ఉంది. ఆ పేటలో ఆన్యా స్కూల్‌మన్ అనే ఆమె ఉండేది. 2007లో ఆమె కొడుకు, అతని స్నేహితుడు ఒక సినిమా చూశారు. భూమి వేడెక్కిపోతోందని చెప్పే సినిమా అది. పిల్లలిద్దరూ ఇంటికి వచ్చి, "మన ఇంటి మీద సోలార్ పలకలు పెడదాం" అని పట్టుబట్టారు.

ఆ తల్లి వివరాలు కనుక్కుంది. ఖర్చు చాలా ఎక్కువ. కాగితాల పని ఇంకా ఎక్కువ. కరెంటు కంపెనీ అనుమతి కావాలి. నగర అధికారుల అనుమతి కావాలి. ఎవరి దగ్గర కొనాలో తెలియదు. ఎంత ధర న్యాయమో తెలియదు.

ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారు. ఆమె వేరే విధంగా ఆలోచించింది. ఒక ఇంటి కోసం ఇంత తిరగాలి. అదే తిరుగుడు పేట మొత్తం కోసం తిరిగితే ఏం?

పిల్లలు ఇల్లిల్లూ తిరిగారు. తలుపులు తట్టారు. కాగితాలు పంచారు. రెండు వారాల్లో దాదాపు 50 కుటుంబాలు ముందుకు వచ్చాయి. అందరూ కలిసి ఒక సహకార బృందం పెట్టుకున్నారు.

పని వెంటనే కాలేదు. సుమారు రెండేళ్లు పట్టింది. ఇరుగుపొరుగు వాళ్లు నగర పాలక మండలి దగ్గరకు వెళ్లారు. సోలార్ పెట్టుకునే వాళ్లకు సాయం చేయాలని అడిగారు. 2008లో ఆ నగరంలో కొత్త చట్టం వచ్చింది. సోలార్ పెట్టుకునే వాళ్లకు రాయితీ దొరికింది. ఆఖరికి ఆ పేటలో నలభైకి పైగా ఇళ్ల మీద పలకలు వచ్చాయి.

పక్క పేటల వాళ్లు, "మాకూ నేర్పండి" అన్నారు. అలా ఆ పని పెరిగింది. తరువాత అది సోలార్ యునైటెడ్ నైబర్స్ అనే పెద్ద సంస్థ అయింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇరుగుపొరుగు బృందాలకు సాయపడుతోంది.

మరో ఊరి కథ

అదే దేశంలో ఆరెగాన్ అనే రాష్ట్రం ఉంది. అందులో పోర్ట్‌లాండ్ నగరం ఉంది. 2009లో ఆ నగరంలో ఒక వైపున ఉన్న పేటల వాళ్లు కలిశారు. అందరిదీ ఒకే బాధ. సోలార్ ఖరీదు. ఎవరిని నమ్మాలో తెలియకపోవడం.

వాళ్లు ఒక కమిటీ వేసుకున్నారు. కంపెనీలను పిలిచారు. "మేం ఇంతమందిమి ఉన్నాం. ఏ ధరకు ఇస్తారు? పలకలు ఏ రకం? గ్యారంటీ ఎన్నేళ్లు?" అని రాతపూర్వకంగా అడిగారు. వచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టి చూశారు. ఒక కంపెనీని ఎంచుకున్నారు. పేటలో సభలు పెట్టి అందరికీ వివరం చెప్పారు.

ఆరు నెలల్లో 300 మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. వాళ్లలో 130 ఇళ్ల మీద పలకలు ఎక్కాయి. మిగతా వాళ్లకు కుదరలేదు. కొందరి కప్పు పాతది. కొందరికి నీడ. కొందరికి డబ్బు సమకూడలేదు. పేరు రాయించుకున్నంత మాత్రాన కొని తీరాలని ఎవరినీ బలవంతపెట్టలేదు.

ఈ పద్ధతి ఇతర రాష్ట్రాలకు పాకింది. 2011లో మసాచుసెట్స్ రాష్ట్రంలో నాలుగు ఊళ్లలో మొదలుపెట్టారు. అక్కడ ఒక మంచి నియమం ఉంది. ఎంత ఎక్కువ మంది చేరితే, ధర అంత తగ్గుతుంది. ఆ తగ్గింపు ముందు చేరిన వాళ్లకు కూడా వర్తిస్తుంది. అందువల్ల ముందు చేరినవాళ్లే వెళ్లి పక్కింటి వాళ్లను చేర్చారు. పక్కింటి వాళ్లు చేరితే తమకూ లాభమే కదా!

ధర ఎందుకు తగ్గుతుంది?

కంపెనీ వాడు దయతో తగ్గించడు. అతనికీ ఖర్చు తగ్గుతుంది. అందుకే తగ్గిస్తాడు.

ఒక్కో ఇంటిని వెతుక్కుంటూ అతను తిరగాలి. ప్రచారం చేయాలి. పది ఇళ్లు ఒకేచోట దొరికితే ఆ తిరుగుడు ఉండదు. పనివాళ్లు ఒకే ఊరికి ఒకేసారి వస్తారు. లారీ కిరాయి కలిసి వస్తుంది. పలకలు టోకుగా కొంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, బేరం ఖాయమని అతనికి నమ్మకం ఉంటుంది.

కొనేవాళ్లకు ఇంకో లాభం ఉంది. ఒక్క ఆడమనిషి వెళ్లి ప్రశ్నిస్తే, "నీకేం తెలుసమ్మా?" అంటారు. పదిమంది వెళ్లి అడిగితే జవాబు చెబుతారు.

మన దగ్గర ఉన్న పథకం

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది. దాని పేరు పీఎం సూర్య ఘర్. దేశంలో కోటి ఇళ్ల మీద సోలార్ పలకలు పెట్టించాలని లక్ష్యం. 2026-27 వరకు ఈ పథకం నడుస్తుందని ప్రకటించారు. సబ్సిడీ ఇలా నిర్ణయించారు:

1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు.
2 కిలోవాట్లకు 60,000 రూపాయలు.
3 కిలోవాట్లు, అంతకు మించితే 78,000 రూపాయలు.

సబ్సిడీ కావాలంటే కొన్ని నియమాలున్నాయి. ఇల్లు సొంతమై ఉండాలి. కరెంటు కనెక్షన్ ఉండాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. నమోదైన కంపెనీ చేతనే పలకలు పెట్టించాలి. పలకలు మన దేశంలో తయారైనవి కావాలి. పని పూర్తయి, అధికారులు చూసి, నెట్ మీటరు పెట్టిన తరువాతే సబ్సిడీ వస్తుంది. అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. బ్యాంకు అప్పు కూడా దొరుకుతుంది. పెట్టిన కంపెనీ ఐదేళ్లపాటు మరమ్మతులు చూడాలి.

ఇక్కడ ఆడవాళ్లు ఒక సంగతి గమనించాలి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? చాలా ఇళ్లలో అది మామగారి పేరున ఉంటుంది. ఆయన చనిపోయి పదేళ్లయినా పేరు మారదు. దరఖాస్తు చేసే ముందే ఆ పేరు సరిచేయించుకోవాలి.

సంఘం కూర్చుంటే

ఒక ఊళ్లో పొదుపు సంఘం ఉందనుకుందాం. పదిమంది సభ్యులు. నెల సమావేశంలో ఎండ కరెంటు మాట వచ్చింది.

"అక్కా, నాకు నెలకు వెయ్యి రూపాయల బిల్లు వస్తోంది. పలకలు పెట్టించుకుంటే ఈ బాధ పోదా?" అని ఒకామె లీడరును అడిగింది.

సంఘంలో పెద్దామె అందుకుంది. "మొన్న ఒకాయన మా ఇంటికొచ్చాడే. ఐదు వేలు ఇప్పుడు కట్టు, కరెంటంతా ఉచితం అన్నాడు."

"కాగితం ఏమన్నా ఇచ్చాడా అత్తా?" అంది లీడరు.

"లేదు తల్లీ. డబ్బు కడితే రసీదు తరువాత ఇస్తానన్నాడు."

"మనకు అక్షరాలు రాని రోజుల్లో అలాంటి మాటలు నమ్మాం. వేలిముద్ర వేసి ఇచ్చాం. ఇప్పుడు చదవగలం కదా! కాగితం లేని బేరం మనకొద్దు."

అందరూ ఆ మాట బాగుందన్నారు. అప్పుడు ఒకామె మెల్లగా అంది. "అక్కా, నాది అద్దె ఇల్లు. నేనేం చేసేది?"

"మాది రేకుల ఇల్లు. పలకల బరువు ఆగుతుందా?" అంది ఇంకొకామె.

"మాకు బిల్లే రావడం లేదు. మరి మేమెందుకు పెట్టాలి?" అంది మూడో ఆమె.

ముగ్గురూ అడిగింది న్యాయమే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ సబ్సిడీ వర్తించదు. రేకుల ఇంటికి దూలాలు గట్టిగా ఉంటేనే పలకలు పెట్టవచ్చు. తెలిసినవాళ్లకు చూపించి తేల్చుకోవాలి. ఇక బిల్లు రాని ఇల్లు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం మొదలైంది. అర్హత ఉన్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు. బిల్లే లేని ఇంటికి అప్పు చేసి పలకలు పెట్టడం లాభం కాదు. అలాంటి వాళ్లు తొందరపడకూడదు.

చివరకు ఏడుగురు మిగిలారు. పక్క సంఘం నుంచి ముగ్గురు కలిశారు. మళ్లీ పది ఇళ్లయ్యాయి.

లెక్క వేద్దాం

ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి రాసినవి. నిజం ధర ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది.

ఒక్క ఇంటికి 2 కిలోవాట్ల పలకల ధర: 1,40,000 రూపాయలు.
పది ఇళ్లు కలిసి అడిగితే ఒక్కో ఇంటికి ధర: 1,25,000 రూపాయలు.
ఒక్కో ఇంటికి మిగిలింది: 15,000 రూపాయలు.
పది ఇళ్లకు మిగిలింది: 1,50,000 రూపాయలు.

ఇప్పుడు సబ్సిడీ తీసివేద్దాం. 1,25,000 లో 60,000 పోతే 65,000 రూపాయలు. ఇది ఇంటివాళ్లు పెట్టుకోవాల్సిన డబ్బు.

2 కిలోవాట్ల పలకలు రోజుకు 8 యూనిట్లు ఇస్తాయనుకుందాం. నెలకు 240 యూనిట్లు. దాని వల్ల నెలకు 900 రూపాయల బిల్లు తగ్గిందనుకుందాం. 65,000 రూపాయలు తిరిగి రావడానికి సుమారు 72 నెలలు పడుతుంది. అంటే 6 సంవత్సరాలు. బ్యాంకు అప్పు తీసుకుంటే వడ్డీ కలుస్తుంది. అప్పుడు ఇంకొన్ని నెలలు ఎక్కువ పడుతుంది.

మొదట పూర్తి ధర కట్టాలి. సబ్సిడీ తరువాత వస్తుంది. ఈ మధ్య కాలానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ముందే అనుకోవాలి. నూటికి ఐదు రూపాయల వడ్డీకి బయట అప్పు చేస్తే వచ్చే లాభమంతా వడ్డీకే పోతుంది.

బేరం ఎలా చేయాలి?

ఒకటి: ముందు పేర్లు రాసుకోవాలి. పేరు, మీటరు నంబరు, పోయిన ఏడాది కరెంటు బిల్లులు ఒకచోట చేర్చాలి.

రెండు: ప్రతి ఇంటి కప్పు చూడాలి. చోటు ఎంత? నీడ పడుతుందా? కప్పు కురుస్తోందా? కురిసే కప్పును ముందు బాగు చేయించాలి.

మూడు: కనీసం మూడు కంపెనీలను ధర అడగాలి. ధర కాగితం మీద రాసి ఇవ్వమనాలి. పలకల రకం, ఇన్వర్టరు రకం, గ్యారంటీ, పని పూర్తయ్యే తేదీ అందులో ఉండాలి.

నాలుగు: ముగ్గురు నలుగురు సభ్యులు కమిటీగా కూర్చుని చదవాలి. అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడే మంచివాడని అనుకోకూడదు. అతను ఇంతకు ముందు పెట్టిన ఇళ్లకు వెళ్లి చూడాలి. ఆ ఇంటి ఆడవాళ్లను అడగాలి. "మరమ్మతుకు పిలిస్తే వస్తున్నాడా?" అని అడిగితే చాలు, అసలు సంగతి తెలుస్తుంది.

ఐదు: బేరం అందరిదీ. ఒప్పంద పత్రం మాత్రం ఎవరిది వారిదే. అమెరికా బృందాల్లో కూడా ఇదే పద్ధతి. ప్రతి ఇంటివారూ కంపెనీతో తమ ఒప్పందం తామే చేసుకుంటారు. లీడరు చేతికి డబ్బు ఇవ్వరు. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టాలి. రసీదు తీసుకోవాలి. అప్పుడు లీడరు మీద నింద రాదు. సంఘంలో తగవు రాదు.

ఆరు: పని అయ్యాక నెట్ మీటరు పెట్టేదాకా వదలకూడదు. చివరి వాయిదా డబ్బు అప్పటిదాకా ఆపుకుంటామని ముందే ఒప్పందంలో రాయించుకోవాలి.

ఈ సంగతి మరచిపోవద్దు

వీధిలో కరెంటు పోతే, సోలార్ ఉన్న ఇంట్లో కూడా కరెంటు పోతుంది. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. "పైన ఎండ మండుతోంది కదా, ఎందుకు పోతుంది?" అంటారు.

దానికి కారణం ఉంది. లైన్‌మాన్ స్తంభం ఎక్కి పని చేస్తుంటాడు. తీగలో కరెంటు లేదనుకుంటాడు. ఆ సమయంలో డాబా మీద నుంచి కరెంటు తీగలోకి వస్తే అతని ప్రాణం పోతుంది. అందుకని వీధి కరెంటు పోగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. కరెంటు పోయినప్పుడు కూడా దీపం వెలగాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీకి వేరే ఖర్చు. అమ్మేవాళ్లలో కొందరు ఈ సంగతి చెప్పరు. అడిగి తెలుసుకోవాలి.

"కరెంటు బిల్లు సున్నా అవుతుంది" అని కూడా కొందరు చెబుతారు. నెట్ మీటరు ఉన్నా నెలనెలా కట్టే స్థిర ఛార్జీలు ఉంటాయి. వాడకం పెరిగితే బిల్లు కూడా వస్తుంది.

పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. పొద్దున్నే, పలకలు చల్లగా ఉన్నప్పుడు, నీళ్లతో మెత్తగా తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలిన పలకల మీద చల్లటి నీళ్లు పోయకూడదు. వైర్లను ముట్టుకోకూడదు. పిల్లలను పైకి పంపకూడదు.

పొదుపు నుంచి బేరం దాకా

తెలుగు నేల మీద ఆడవాళ్లకు కలిసి పని చేయడం కొత్త కాదు. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచి సంఘాలు కట్టారు. బ్యాంకు మెట్లెక్కారు. అప్పు తెచ్చారు. వాయిదా తప్పకుండా కట్టారు. ఎన్నో ఊళ్లలో మహిళా సంఘాలు ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపాయి. కాటా దగ్గర నిలబడి తూకం చూశాయి. లెక్కలు రాశాయి.

ధాన్యం తూకం చూసిన కళ్లు కరెంటు మీటరు కూడా చూడగలవు. అప్పు పుస్తకం చదివిన చేతులు ఒప్పంద పత్రం కూడా పట్టగలవు. ఒక్కరుగా అడిగితే అది మాట. పదిమంది అడిగితే అది బేరం.

కొత్త మాటలు

సౌర విద్యుత్తు: ఎండ నుంచి వచ్చే కరెంటు.
నెట్ మీటరు: బయటకు వెళ్లిన కరెంటు, లోపలికి వచ్చిన కరెంటు రెండూ లెక్క రాసే మీటరు.
సబ్సిడీ: ధరలో ప్రభుత్వం ఇచ్చే వాటా.
ఒప్పంద పత్రం: ఇద్దరూ ఒప్పుకున్న మాటలు రాసి, సంతకాలు చేసిన కాగితం.

చెప్పండి

1. మౌంట్ ప్లెజెంట్ పేటలో పిల్లలు ఏం చేశారు?
2. పది ఇళ్లు కలిసి కొంటే కంపెనీకి ఏ ఖర్చులు తగ్గుతాయి?
3. వీధిలో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఎందుకు ఆగిపోతుంది?
4. ఏ ఇంటివాళ్లు సోలార్ కోసం తొందరపడకూడదు? ఎందుకు?

చేయండి

మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. మీటరు ఎవరి పేరున ఉందో చదవండి. పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలాయో చూసి రాయండి. అలాగే మూడు నెలల బిల్లులు రాసి కూడండి. మూడుతో భాగించండి. నెలకు ఎన్ని యూనిట్లు వాడుతున్నారో తెలుస్తుంది. ఆ కాగితాన్ని వచ్చే సంఘం సమావేశానికి తీసుకువెళ్లండి.